కూలింగుందా?

నెల్లూరు జిల్లాలో బీరు రెండు రకాలు: లైటు, స్ట్రాంగు. రెంటికీ కలిపి ప్రశ్న ఒకటే, కూలింగుందా? కౌంటరు ఊచల్లోంచి సీసా బయటికి రాగానే ఒంటికి వేలు ఆనించి, చెమట పట్టిందో లేదో చూసి, పట్టకపోతే "ఇంకోటియ్యి సామీ" అని వెనక్కి తోసేస్తారు. బీరుకు రంగు, నురగ, వాసన, నాలుక కొసన ఒక రుచి, మింగాక గొంతులో మిగిలే ఇంకో రుచి, ఇన్ని అంగాలుంటే మనవాళ్లు జ్వరం చూసినట్టు ఒళ్లు తాకి పంపేస్తున్నారు.

ఈ దుస్థితిని తొలగించే బాధ్యతను పోయిన ఎండాకాలం నేను నెత్తికెత్తుకున్నాను. నన్నెవరూ అడగలేదు. కవిత్వం మీద విమర్శ రాయమని కూడా ఎవరూ ఎవర్నీ అడగరు, అయినా సాగుతోంది కదా.

కాలం కూడా కలిసొచ్చింది. 2024 అక్టోబరులో మద్యం దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతికి వచ్చాక, మా పేట షాపులో ముందువైపు అద్దాల అలమర వెలిసింది. అందులో పచ్చ సీసాలు, పొట్టి సీసాలు, మెడకు బంగారు కాగితం చుట్టుకున్న సీసాలు. పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు పడమటి ఎండకు ఎదురుగా వరసగా నిలబెట్టారు. ఎవరూ కొనేవాళ్లు లేరు. నేను కొన్నాను. షాపతను నా వంక జాలిగా చూసి, "అది కూలింగులో లేదు సార్" అని ముందే చెప్పాడు. నిజాయితీపరుడు.

విమర్శకుడికి ముందు చరిత్ర తెలియాలి కాబట్టి అదీ చదివాను. చెక్ దేశంలో పిల్సెన్ అని ఒక ఊరుంది. 1838లో ఆ ఊరి బీరు బాగాలేదని 36 పీపాలు తెచ్చి మునిసిపాలిటీ భవనం ముందర నడివీధిలో పారబోశారు. ఆ అవమానంతో కొత్త బ్రూవరీ కట్టి, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే పనిమంతుణ్ణి పిలిపించారు. 1842లో అతను కాచిందే బంగారు రంగు పిల్స్నర్. ఇవాళ మనం లైటు అంటున్నదానికి ముత్తాత అదే. మరి మన సంగతి? ఆ మధ్య ఏ కాలంలోనూ వినని పేర్ల బీర్లే దొరికిన రోజుల్లో ఒక్క సీసా అయినా ట్రంకు రోడ్డు మీద పారబోశామా? తిట్టుకుంటా తాగేశాం. మనకు పిల్స్నర్ పుట్టకపోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఇంకో అన్యాయం కూడా నా పరిశోధనలో బయటపడింది. ఐపీఏ అనే చేదు బీరుంది. విడదీస్తే ఇండియా పేల్ ఏల్. ఇంగ్లండు నుంచి ఆఫ్రికా కొస చుట్టి మన దేశానికి ఓడ రావడానికి నెలలు పట్టేది కాబట్టి, దారిలో చెడకుండా హాప్స్ పూలు దండిగా దట్టించి పంపేవాళ్లు. ఆ చేదే దాని పేరు ప్రతిష్ఠ. ఇప్పుడు ఆలోచించండి. తెల్లవాళ్లు మద్రాసుకంటే ముందు, 1626లోనే మన దుగరాజపట్నంలో గిడ్డంగి పెట్టారు. ఫ్రాన్సిస్ డే అనే పెద్దమనిషి 1639లో దక్షిణంగా వెళ్లి మద్రాసు స్థలం కుదుర్చుకోకపోయి ఉంటే, ఆ తర్వాత వచ్చిన బీరు పీపాలన్నీ మన రేవులోనే దిగేవి. దేశం పేరు పెట్టుకున్న బీరుకు మన జిల్లా నీళ్లే తొలి ఒడ్డయ్యేవి. దీనిమీద జిల్లా తరఫున గట్టిగా ఒక వినతిపత్రం రాద్దామనుకుంటే, 2022లో జిల్లాలు చీల్చినప్పుడు దుగరాజపట్నం తిరుపతి వైపు వెళ్లిపోయింది. ఫిర్యాదు కూడా పక్క జిల్లా సొత్తయింది.

ఇంత చదివాక ఒక్కణ్ణే తాగితే అది తాగుడు. పక్కన వినేవాడుంటేనే సమీక్ష. మా బామ్మర్దికి మైపాడు దారిలో రొయ్యల గుంటలున్నాయి. సాయంత్రం అక్కడి షెడ్డులో, ఏరేటర్ల చప్పుడు మధ్య, నా మొదటి పచ్చ సీసా తెరిచాను. మూత తియ్యగానే ఒక ఘాటు వాసన లేచింది. కళ్లు మూసుకుని, "ఇది ఐరోపా పాత బ్రూవరీల ప్రత్యేక పరిమళం. అలవాటు లేని ముక్కుకు పట్టదు" అన్నాను. వాడు సీసా తీసుకుని ఒక్కసారి పీల్చి కింద పెట్టాడు.

"ఎండలో పెట్టిన సరుకు బావా ఇది."

మొప్పల కింద చూసి చేప ఈ పొద్దుదా నిన్నటిదా చెప్పే ముక్కుకు బీరు గురించి ఏం తెలుసని కొట్టిపారేశాను. ఇంటికొచ్చి చూస్తే వాడన్నదే శాస్త్రం. హాప్స్‌లోని చేదు పదార్థాలు వెలుతురు తగిలితే విరిగి, గంధకం కలిసిన కంపు పుడుతుంది. అమెరికా అడవుల్లో స్కంక్ అనే జంతువు వెనకనుంచి చిమ్మే కంపుకు ఇది దగ్గరి చుట్టం. ముదురు గోధుమరంగు సీసా వెలుతుర్ని చాలావరకు ఆపుతుంది, పచ్చ సీసా ఆపలేదు. అంటే నేను ఆ సాయంత్రం కళ్లు మూసుకుని మెచ్చుకున్నది మా షాపు పడమటి కిటికీని. ఈ సంగతి బామ్మర్దికి చెప్పలేదు. విమర్శకుడికి గౌరవం ముఖ్యం.

మరుసటి వారం చేదు పాఠం పెట్టాను. బీరు చేదును ఐబీయూ అనే అంకెతో కొలుస్తారని, లైటు బీరుకు 10, 20 మధ్య ఉంటే ఐపీఏకు 50, 60 కూడా ఉంటుందని వివరించాను.

"కౌంటన్నమాట" అన్నాడు వాడు.

"అట్లే అనుకో."

"రొయ్యకి కౌంటు, అంటే కిలోకి ఎన్ని తూగితే అంత, అది తగ్గేకొద్దీ రేటు. వందకౌంటు కంటే ముప్పై కౌంటుకు ఎక్కువిస్తాడు. మీ బీరుకు కౌంటు పెరిగేకొద్దీ రేటా? పిల్ల రొయ్యల్ని అంటగడతా ఉండారబ్బా నీకు."

ఇలాంటి శిష్యులతో ఏ ఉద్యమం ముందుకు పోతుంది?

ఇంట్లో పరిస్థితి ఇంతకంటే జటిలం. ఇది మామూలు జిల్లా కాదు. అక్షరాస్యత తరగతుల్లో పలకలు పట్టిన ఆడవాళ్లు దూబగుంటలో మొదలుపెట్టిన పోరాటం 1992లో ఊరూరా పాకి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా పోయింది. మా ఆవిడ పెద్దమ్మ ఆ వైపు మనిషి. ఆ రోజుల్లో సారా ప్యాకెట్లు కుప్పేసి కాలబెట్టిన చేతులు ఆమెవి. నా మీద నిఘాకు కాదు, మందుల చీటీ రాయించుకోవడానికే వచ్చానంది. వచ్చిన రెండో పూట ఫ్రిజ్‌లో పెరుగు వెనక నా బెల్జియం సీసా దొరికింది. బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది.

ఇది తాగుడు కాదు పెద్దమ్మా, అధ్యయనం అన్నాను. హోగార్డెన్ అనే పల్లెటూళ్లో గోధుమలతో కాస్తారని, అందులో నారింజ తొక్క, ధనియాలు వేస్తారని చెప్పాను. 1516లో బవేరియా ప్రభువులు బీరులో నీళ్లు, బార్లీ, హాప్స్ తప్ప ఇంకేమీ వెయ్యగూడదని చట్టం చేస్తే, బెల్జియం వాళ్లు మాత్రం ఇట్లా పోపుదినుసుల దారి పట్టారని కూడా చెప్పాను. అదే దేశంలో ఒక మఠం సన్యాసులు కాచే బీరుకు దశాబ్దాల తరబడి సీసా మీద లేబులే వెయ్యలేదని, అయినా దానికోసం జనం ఎగబడతారని చెప్పేసరికి నా గొంతు నాకే ఇంపుగా వినిపించింది.

ఆమె అంతా విని, "ధనియాలేసి కాస్తే చారంటాం" అంది. తర్వాత సీసా తిప్పి లేబులు మీద అక్షరాలు వేలితో తడిమి, "ఎంతిచ్చావ్?" అంది. నాలుగొందల చిల్లర అన్నాను.

"తాగను డబ్బులిచ్చేవాళ్లని శానామందిని చూశా. సదువుకోను ఇచ్చేవాణ్ణి నిన్నే చూస్తుండా."

సీసా పగలగొట్టలేదు. ఫ్రిజ్‌లో పెరుగు ముందుకు తెచ్చి పెట్టింది, వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేటట్టు. పగలగొట్టి ఉంటే త్యాగమన్నా అయ్యేది.

అలా ఆ గోధుమ బీరు ఆదివారం మళ్లీ రొయ్యల గుంట గట్టుకే చేరింది. దీన్ని మరీ చల్లగా తాగితే నాలుక మొద్దుబారి రుచి తెలియదని, సీసా సగం వంచాక మిగతాది గుండ్రంగా తిప్పి అడుగున పేరుకున్న ఈస్టుతో సహా పొయ్యాలని నేను పాఠం చెబుతూ గ్లాసు కోసం వెతుకుతున్నాను. నా తులిప్ గ్లాసు దారిలో పగిలిపోయింది. మిగిలింది స్టీలు గ్లాసులే. రెండిట్లో పోసి, నురగ దిగేలోపు ఫోనొస్తే పక్కకెళ్లాను. తిరిగొచ్చి ఒక గుక్క తాగాను.

ఏం చెప్పను! ముందు నారింజ తొక్క. దాని వెనక ధనియాలు. ఆ వెనక, లేబులు మీద ఎక్కడా లేని కొత్త ఛాయ: ఉప్పు, నాచు, పొద్దున్నే సముద్రం మీదినుంచి వచ్చే గాలి. జర్మనీలో గోజ అని ఉప్పూ ధనియాలూ వేసే పుల్ల బీరుంది, ఆ ఛాయ ఇందులో కలిసిందని పోల్చుకున్నాను. అక్కడికక్కడే ఫోనులో రాసి, బెంగుళూరులో ఉండే మా మేనల్లుడికి పంపాను. "ఆరంభం నారింజ, నడక ధనియాలు, ముగింపు మైపాడు తీరం. తప్పక రుచి చూడవలసింది." వాడు ఈ విషయాల్లో నాకంటే నాలుగు మెట్లు పైనుంటాడు. నిమిషంలో జవాబొచ్చింది: ఏ బ్యాచ్ మామయ్యా, సీసా అడుగున నంబరు చూడు.

నంబరు కోసం వంగితే నా గ్లాసులో ఏదో తళతళలాడింది. ఐసుముక్క. నేనడగలేదు. బామ్మర్ది తన గ్లాసులో కూడా రెండు వేసుకుని ఉన్నాడు.

"ఎక్కడిదిరా ఈ ఐసు?"

వాడు పక్కనున్న థర్మోకోల్ పెట్టె మూత లేపాడు. లోపల పొద్దున పట్టిన వెనామీ రొయ్య, మీసాలతో సహా, ఐసులో పడుకుని ఉంది.

"అక్క చెప్పింది బావా, నువ్వు కూలింగ్ లేకుండా తాగి గొంతు పాడుచేసుకుంటున్నావంట."

మేనల్లుడికి నిజం రాద్దామని ఫోను తీశాను. అప్పటికే వాడు నా మాటను ఇంకో నలుగురికి పంపేశాడు. అందులో ఒకతను ఇదే బీరు పోయిన నెల తాగాడట, ఆ సముద్రపు ఛాయ తనకూ తగిలిందట, కొంచెం అయోడిన్ కూడా ఉందని చేర్చాడు. రాసింది తుడిచేసి ఫోను జేబులో పెట్టుకున్నాను.

బామ్మర్ది గ్లాసు ఖాళీ చేసి, పెదాలు తుడుచుకుని, మొట్టమొదటిసారి ఒక బీరు గురించి అభిప్రాయం చెప్పాడు.

"బాగుంది బావా. ఇంకోటుందా? ఉంటే ఇటియ్యి, పెట్టెలో పెడతా."