మిల్లు గేటు దాటని సంఘాలు

మేడే నాడు మిర్యాలగూడలో జెండాలకు కొదవ ఉండదు. అక్కడి రైస్ మిల్లుల్లో హమాలీలకు బస్తా మోసే రేటు తేలేటప్పుడు మాత్రం మిల్లర్లు, నలుగురైదుగురు నాయకులు కూర్చుంటారు. మోసేవాళ్లకు తెలిసేది తేలిన రేటే. సంఘాల బలహీనత అక్కడ మొదలైంది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌తో ఆ బలహీనత చట్టపరంగానూ బయటపడుతుంది. ఒక సంస్థలో ఒకటికి మించి సంఘాలుంటే, మస్టర్ రోల్‌లో, అంటే సంస్థ హాజరు పట్టీలో, ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘానికే యాజమాన్యంతో చర్చించే హక్కు. ఎవరికీ అంత బలం లేకపోతే, కనీసం 20 శాతం మద్దతున్న సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది. మన మిల్లుల్లో చిక్కంతా మస్టర్ దగ్గరే. హమాలీ కూలి చాలాచోట్ల ముఠా (కలిసి మోసే జట్టు) మేస్త్రీ చేతికి మొత్తంగా ముడుతుంది. మిల్లు ఊడ్చే ఆడవాళ్లు ఏ ముఠాలోనూ ఉండరు. రోల్‌లో పేరే లేనివాళ్లు ఏ శాతంలోకి వస్తారు?

కాబట్టి సభ్యత్వ రసీదు కన్నా ముందు నోటుబుక్కు కావాలి. ముఠాకొకటి. తేదీ, లారీ నంబరు, బస్తాలెన్ని, ఒక్కోటి ఎన్ని కిలోలు, లారీ నుంచి దించడమా, కాటా వేయడమా, నెట్టు కట్టి పేర్చడమా, ఆ రోజు ఎవరెవరు పనిచేశారు, వాళ్ల సంతకాలు. కాటా చీటీని ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకోవాలి. పుస్తకం మేస్త్రీ దగ్గర మాత్రం ఉండొద్దు. మూడు నెలలు తప్పకుండా రాస్తే, కార్మిక శాఖ అధికారి ముందు 'వీళ్లెవరో మాకు తెలియదు' అనడం మిల్లుకు అంత సులువు కాదు.

తర్వాత ప్రతి పదిమందికి ఒక ప్రతినిధి. మైకు పట్టుకుంటే వదలనివాడు వద్దు. ఇంట్లో ఆపదొస్తే తోటివాళ్లు ముందు ఎవరికి ఫోన్ చేస్తారో అతనే కావాలి. ఒక్క నాయకుడే ఉంటే అతన్ని తీసేస్తే కథ ముగుస్తుంది. పదిహేను మంది ప్రతినిధులను ఒకేరోజు తీసేయడం కష్టం.

డ్రయ్యర్, బాయిలర్ల దగ్గర, ఇప్పుడు హమాలీ పనిలో కూడా బిహార్ కూలీలున్నారు. రేటు పడగొట్టింది వాళ్లేనని తిట్టుకుంటూ కూర్చున్న సంఘం దేనికీ కొరగాదు. రేటును పడగొట్టేది అడ్వాన్సు. కాంట్రాక్టరుకు బాకీ ఉన్నవాడు పని ఆపలేడు. అడ్వాన్సు తీసుకుని వలసపోయిన పాలమూరు వాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పాలా? కమిటీలో బిహార్ మనిషి ఉండాలి, మీటింగు హిందీలో కూడా జరగాలి.

అన్నిటికన్నా తేడా తెచ్చేది మిల్లుతో చేసుకునే రేటు ఒప్పందం గడువు. కోడ్ ప్రకారం సమ్మెకు 14 రోజుల ముందు నోటీసివ్వాలి. రాజీ చర్చలు నడుస్తున్నంత కాలం, ముగిశాక మరో ఏడు రోజులు సమ్మె కుదరదు. సగం మంది కలిసి సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. అన్నీ కలిపితే నెల పట్టొచ్చు. గడువు జూన్‌లో ముగిస్తే మిల్లుకు కొత్త వడ్ల రాక ఉండదు, యజమానికి తొందరేముంది? అదే ఆగస్టు ఆఖరుకు ముగిస్తే, తతంగమంతా అయ్యేసరికి వానకాలం వడ్లు దిగుతుంటాయి. కోత మిషన్ నుంచి నేరుగా వచ్చిన పచ్చి వడ్లు కుప్పలో వేడెక్కి రంగు మారతాయి. అప్పుడు యజమానే కబురు పెడతాడు. అయితే మిల్లు ముందు లైన్లో ట్రాక్టరు మీద పడుకునే రైతు కూడా మనవాడే. నోటీసిచ్చిన రోజే ఊళ్లకు పోయి విషయం చెప్పకపోతే, మూడోరోజుకు రైతులే హమాలీల మీద తిరగబడతారు.

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) లాంటి చోట్ల మొదలు వేరేగా ఉండాలి. కాంట్రాక్టరు మారినా కార్మికుడు అక్కడే ఉంటాడు కనుక ముందు పీఎఫ్ పాస్‌బుక్ చూడాలి. జీతంలో కోసిన 12 శాతం ఖాతాలో పడిందా, కంపెనీ వాటా చేరిందా? ఏ నెల పడలేదో అందరివీ కలిపి ఒకే కాగితం మీద రాస్తే అదే తొలి డిమాండు. పర్మినెంట్ చేయాలన్న డిమాండుతో మొదలుపెడితే ఏడాదికే జనం అలిసిపోతారు.

చందాను యజమాని జీతంలో కోసి ఇస్తానన్నా ఒప్పుకోవద్దు. ప్రతినిధి నెలనెలా చేతికే తీసుకోవాలి. వరసగా రెండు నెలలు ఎవరైనా ఇవ్వలేదంటే డబ్బులు లేకనా, మేస్త్రీ బెదిరించాడా, సంఘం మీద కోపమా అన్నది ఆ వారంలోనే తెలిసిపోవాలి.