ఫొటో వెనక పేర్లు రాయించండి

మొన్న ఉగాది సంబరాలకి ఇక్కడి మన తెలుగు సంఘం వాళ్లు పాత కుటుంబ ఫొటోలు పంపమన్నారు. స్పాన్సర్ల సన్మానాలతో ఆలస్యమైందని, భోజనాల క్యూ నడుస్తుండగా వాటిని తెర మీద గబగబా తిప్పేశారు. పేరు లేదు, ఊరు లేదు. మా నాయనమ్మ ఎప్పుడొచ్చి వెళ్లిందో ఎవరూ చూడలేదు. నాకు మనసు చివుక్కుమంది. కాస్ట్రోవిల్‌లో చూసిన ఇంకో ఫొటో గుర్తొచ్చింది.

టెక్సస్‌లో, శాన్ ఆంటోనియోకి పడమర పాతిక మైళ్లలో కాస్ట్రోవిల్ ఉంది. 1844లో ఆన్రీ కాస్ట్రో ఫ్రాన్స్‌లోని అల్సాస్ నుంచి కుటుంబాల్ని తెచ్చి నిలబెట్టిన ఊరు. తర్వాత 1871లో అల్సాస్ జర్మనీ చేతికి పోయింది. ఫ్రెంచివాళ్లుగానే ఉంటామంటే 1872 అక్టోబర్ 1 లోపు ఊరు వదలాలన్నారు. వదిలినవాళ్లలో కొందరు అమెరికా దారి పట్టారు.

కాస్ట్రోవిల్ చర్చివాళ్లు జరిపే సెయింట్ లూయిస్ పండక్కి వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ తన ముత్తాత వాళ్ల ఫొటో చూపించారు. అరచేతిలో పట్టే అట్టముక్క. అమ్మానాన్నలు కుర్చీల్లో, చుట్టూ పిల్లలు, తల్లి భుజం మీద చెయ్యేసి ప్రయాణమయ్యే కొడుకు. ఓడ ఎక్కేముందు తీయించుకున్నారట. ఒక కాపీ ఇంట్లో ఉంచి, ఇంకోటి అతని పెట్టెలో పెట్టారు. వెనక అల్సాస్‌లోని ములూజ్ ఊరి స్టూడియో పేరు అచ్చై ఉంది. దాని కింద పెన్సిలుతో అందరి పేర్లు, తల్లికైతే పుట్టింటి ఇంటిపేరు కూడా. ఆవిడ ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ, నిన్న కలిసొచ్చినవాళ్లలా పరిచయం చేశారు. ఆ ఊళ్లో అల్సాస్ నుంచి ఒక పాత ఇంటినే విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. నాకు మాత్రం ఆ పెన్సిలు రాతే ఎక్కువనిపించింది.

ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మొహం తిప్పుకున్న ముసలమ్మలు మనకీ ఉండేవారు. వాళ్ల భయం మీద నాకు కోపం లేదు. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి 'ఫలానా ఆయన భార్య' అని సరిపెట్టడం మీద ఉంది. మా నాయనమ్మ పక్కన నిలబడ్డ ఆడపడుచు పేరు చెప్పగలిగే మనిషి మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.

హాలు అద్దె, పిల్లల డ్యాన్సులు, వాలంటీర్ల కొరత, కార్యవర్గం టెన్షన్ నేను చూస్తూనే ఉన్నాను. అయినా అడుగుతున్నాను, వచ్చే సంక్రాంతికి ఒక్క గంట ఇవ్వండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తమామల్ని కూర్చోబెట్టండి. వాళ్లు చెబుతుంటే పిల్లల చేత రాయించండి. బాల్ పెన్ను వద్దు, నొక్కు ముందుకి తేలుతుంది. మెత్తటి పెన్సిలుతో, వెనక అంచున: పేరు, ఊరు, ఏడాది, ఎవరికి ఏమవుతారో. ఆడవాళ్లకి పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా. గుర్తు రాకపోతే అక్కణ్ణించే ఊరికి ఫోన్ చేయండి.