పెట్టె తాళం ఎవరి దగ్గరుంది?

"ఆ పెట్టెలో ఏముందంటావురా నాన్నా?"

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పిన్ని ఆరేళ్లపాటు నన్ను అడిగిన ప్రశ్న ఇది. అక్కడ రాత్రి 8 గంటలకు సీరియల్ అయిపోయేది. ఎండాకాలమైతే ఇక్కడ న్యూజెర్సీలో అప్పుడు పొద్దున 10:30. ఆఫీసులో కాఫీ తెచ్చుకుంటూ ఫోన్ చేసేవాణ్ణి. బీపీ మాత్ర వేసుకున్నావా అని నేను, ఏం తిన్నావు అని తను, ఆ తర్వాత పెట్టె.

సీరియల్ పేరు, చానల్ పేరు చెప్పను. ఒక్క సీరియల్ మీద కోపంతో రాస్తున్న మాటలు కావివి. మొదటి వారంలోనే, మంచంలో ఉన్న తాతయ్య ఒక ఇనప ట్రంకుపెట్టె మనవరాలికి అప్పగించి, దీని తాళం మన ఇంట్లోనే ఒకరి దగ్గరుందని చెప్పి కన్నుమూశాడు. ఎవరి దగ్గర? ఎందుకు దాచారు? ప్రోమోలన్నీ ఆ పెట్టె మీదే. పిన్ని ఆ వారమే సీరియల్‌కి అతుక్కుపోయింది.

తర్వాత హీరో మారాడు. కథ ఒక్క రోజులో ఇరవై ఏళ్లు ముందుకు దూకింది. మనవరాలు తల్లయింది. వాళ్లు ఇల్లు మారారు, కొత్త ఇంట్లో పెట్టె కనపడలేదు. చివర్లో సీరియల్‌ని మధ్యాహ్నానికి నెట్టేశారు. ఒక శనివారం పెళ్లి చేసి, అందరినీ నిలబెట్టి ఫోటో తీసి, శుభం వేసేశారు. పిన్ని వెంటనే టీవీ కట్టెయ్యలేదట. పెట్టె సంగతి ఏదైనా చూపిస్తారేమోనని, తర్వాతి సీరియల్ మొదలయ్యేదాకా కూర్చుందట.

కిందటేడు గుంటూరు వెళ్లినప్పుడు ఆవిడ పాల లెక్కల పుస్తకం చూశాను. అరలీటరు, అరలీటరు, నాగా, లీటరు. చివరి పేజీలు తిప్పితే అదే చేతిరాతతో వేరే లెక్క ఉంది. "తాళం చిన్నకోడలు దగ్గర? దసరా ఎపిసోడ్‌లో కొంగు ముడి తడుముకుంది." దాని మీద కొట్టివేత. కింద, "వంటమనిషి కావచ్చు. పెద్దాయన పోయినప్పుడు ఒక్క చుక్క ఏడవలేదు." ఇంకో చోట తేదీ మాత్రమే వేసి, "పెట్టె రంగు మారింది" అని ఉంది. అది చదివాక నవ్వు రాలేదు. సీరియల్ తీసేవాళ్లు ఆ పెట్టెని గాలికొదిలేశారు. ఈవిడ మాత్రం దాన్ని కనిపెట్టుకునే ఉంది.

సీరియల్ చూసే పెద్దవాళ్లని మనం చాలా తేలిగ్గా తీసుకుంటాం. కాలక్షేపంలే అంటాం. మా పిన్ని వారపత్రికల కాలం మనిషి. విజయవాడ నుంచి పత్రిక వచ్చిన రోజు ఇంట్లో దాని కోసం పోటీ. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ కంటే ముందే హంతకుణ్ణి పట్టేసేదని మా అమ్మ చెప్పేది. నచ్చిన సీరియల్ కాయితాలు వారం వారం చించి దాచి, అయిపోయాక బైండు చేయించుకునేది. ఆ బైండు పుస్తకాలు ఇప్పటికీ బీరువా పైన ఉన్నాయి. ప్రతి వారం భాగం అడుగున "సశేషం", చివరి పేజీలో "సమాప్తం". చివరి భాగం లేని సీరియల్‌ని ఎవరూ బైండింగు షాపుకి తీసుకెళ్లరు కదా.

మన కథలకి ఈ నియమం మొదటినుంచీ ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథల్లో, దారిలో కనపడ్డ వింతకల్లా కథ చెబితేనే వస్తానని ఒప్పించుకుని గోపడు మణిసిద్ధుడి వెంట బయల్దేరతాడు. బేతాళుడి సంగతి ఇంకా కఠినం. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగలాలి. ఆ కథలను నెలనెలా ఇంటింటికీ చేర్చిన చందమామ చక్రపాణిగారు మా పక్క తెనాలి వాడే. అవి వింటూ, చదువుతూ పెరిగిన జనం ముందు ప్రశ్న వేసి పక్కకు తప్పుకుంటే ఎలా?

తప్పుకోవడానికి కారణం ఉందని నాకూ తెలుసు. దూరదర్శన్ రోజుల్లో సీరియల్‌కి 13 వారాలని లెక్క కట్టి ఒప్పుకునేవాళ్లు. ఎక్కడ ఆగాలో రచయితకి ముందే తెలిసేది. ఇప్పటి డైలీ సీరియల్‌కి ఆ గడువు లేదు. గురువారం వచ్చే రేటింగ్ బాగుంటే సాగుతుంది, పడిపోతే ఆగుతుంది. కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఒకరిది, మాటలు ఇంకొకరివి. మధ్యలో మనుషులు మారిపోతారు. పెట్టె గురించి రాసినాయన వెళ్లిపోతే, తాళం సంగతి ఆయనతోనే పోతుంది. అసలు ఆయనకైనా తెలుసా అని నా అనుమానం.

రహస్యం విప్పేస్తే సీరియల్ చచ్చిపోతుందని ఒక వాదన ఉంది. దానికి అమెరికాలో అందరూ చెప్పే ఉదాహరణ ట్విన్ పీక్స్ అనే టీవీ సీరియల్. 1990 ఏప్రిల్‌లో, లారా పామర్‌ని ఎవరు చంపారన్న ప్రశ్నతో మొదలైంది. చానల్ ఒత్తిడితో అదే నవంబరులో హంతకుణ్ణి చూపించారు. చూసేవాళ్లు తగ్గారు, 1991లో ఆగిపోయింది. ఒప్పుకుంటాను. కానీ అదే దేశంలో 1980 మార్చిలో డల్లాస్ అనే సీరియల్‌లో జె.ఆర్. అనే ముఖ్య పాత్రని ఎవరో కాల్చారు. నటుల సమ్మెతో జవాబు ఇంకా ఆలస్యమైంది. నవంబరు 21న, కాల్చింది మరదలు క్రిస్టిన్ అని చూపించినప్పుడు అమెరికాలో 8 కోట్ల మందికి పైగా చూశారు. ఆ తర్వాత సీరియల్ 1991 దాకా నడిచింది. జవాబు చెప్పడం వల్ల ఏమీ కూలిపోలేదు.

మన దగ్గర కార్తీకదీపం చూడండి. అక్కడ భార్య కన్న పిల్లలకి తండ్రి హీరోయేనన్న నిజం మనకి ముందే తెలుసు, ఆ హీరో డాక్టర్‌బాబుకే తెలియదు. డాక్టరయ్యుండి ఆ టెస్టేదో చేయించుకోవచ్చుగా అని పిన్ని ఏళ్ల తరబడి విసుక్కుంది. విసుక్కుంటూనే చూసింది. చివరికి అతనికి తెలిసిన రోజు నాకు ఫోన్‌లో పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ గొంతులో ఉన్న తృప్తి పెట్టె విషయంలో నేను ఎప్పుడూ వినలేదు.

ఈ సీరియళ్ల ముందు కూర్చునేది ఎక్కువగా ఎవరు? మన పిన్నులు, అత్తయ్యలు, అమ్మలు. పిల్లలు దేశాలు పట్టిపోయిన అపార్టుమెంట్లలో, సాయంత్రం దీపం పెట్టాక టీవీ పెట్టుకునేవాళ్లు. డెబ్బై అయిదేళ్ల మనిషి ఒక జవాబు కోసం ఆరేళ్లు ఎదురుచూడటం అంటే ఎంతో, రేటింగ్ చూసుకునేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. మొదటి వారంలో ప్రశ్న వేసినవాళ్లు, దాని జవాబు ఆ రోజే ఒక కాయితం మీద రాసి చానల్‌కి ఇవ్వాలి. రేటింగ్ పడి సీరియల్ మూసేయాల్సి వస్తే, ఆఖరి వారంలో ఆ కాయితం తీసి చదవండి. ఒక్క ఎపిసోడ్ చాలు. అది కూడా కుదరదంటే అసలు పెట్టె చూపించకండి.

మనవంతు కూడా కొంత ఉంది. ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘాల సంబరాలకి సీరియల్ నటీనటులని పిలుస్తాం, శాలువాలు కప్పుతాం, ఫోటోలు దిగుతాం. ఈసారి రాసేవాళ్లని కూడా పిలుద్దాం. మైకు ఇచ్చి, మీ సీరియల్ మొదటి వారంలో వదిలేసిన ప్రశ్న సంగతేంటండీ అని మర్యాదగానే అడుగుదాం. వాళ్లు ఏం చెబుతారో వినాలని నాకు నిజంగా ఉంది.

పోయిన ఆదివారం పిన్నికి ఫోన్ చేశాను. కొత్త సీరియల్ మొదలైందట. మొదటి వారంలోనే ఒక పాత ఫోటో, సగం చింపేసి ఉంది. రెండో సగంలో ఎవరున్నారంటావు పిన్నీ అన్నాను.

"ఏమో నాన్నా, చూద్దాం."

"పాల పుస్తకంలో రాశావా?"

"లేదురా. ఇంతకీ నువ్వు తిన్నావా?" అంది.