కాగితాలు ఎగరేసే సినిమాలు సరే, మిగతావో?

మలయాళం వాళ్లు తీసినట్టు మనవాళ్లు ఎందుకు తియ్యరండీ అని ఇక్కడ అమెరికాలో తలా ఒక వంటకం తెచ్చుకునే ప్రతి పాట్‌లక్‌లోనూ ఎవరో ఒకరు అంటారు, పక్కన నలుగురు తలూపుతారు, బిర్యానీ ట్రే ఖాళీ అయ్యేలోపు మలయాళం సినిమాల లిస్టొకటి వాట్సాప్ గ్రూపులోకి వచ్చేస్తుంది. లిస్టు మంచిదే, అందులో సగం నేనూ చూశాను. నా గొడవ వేరే. అలా అడిగేవాళ్లలో మనవాళ్లు తీసినవి చూసినవాళ్లు ఎంతమంది? తియ్యట్లేదన్నది అబద్ధం. నలభై ఏళ్లకు పైగా తీస్తూనే ఉన్నారు, మనమే అటు వెళ్లం. పెద్ద హీరో సినిమా ప్రీమియర్ అంటే ఆఫీసులో ముందే లాగౌట్ కొట్టి, మామూలు టికెట్‌కి రెండింతలు పెట్టి కొని, కాగితాలు ఎగరేసి, గొంతు పోగొట్టుకుని వస్తాం. ఆ సరదా నాకూ ఉంది, కాదనను. కానీ అదే వారం ఓ చిన్న సినిమా పక్క స్క్రీన్‌లో రోజుకొక ఆట చొప్పున ఆడి ఆదివారానికల్లా వెళ్లిపోతే, "అయ్యో, అదెప్పుడొచ్చింది?" అంటాం.

పైగా వాటిలో కొన్ని మన మధ్య నుంచి వెళ్లినవాళ్లు తీసినవే. 'వనజ' సంగతే చూడండి. దర్శకుడు రజనేష్ దోమాలపల్లి ఇక్కడ ఇంజనీరుగా పనిచేసిన మనిషి. కొలంబియా యూనివర్సిటీలో సినిమా చదువుకుంటూ థీసిస్ కింద తీసిన తెలుగు సినిమా ఇది. నటులు వృత్తి నటులు కారు. టైటిల్ పాత్ర వేసిన మమతా భుక్యా ఈ సినిమా కోసమే కూచిపూడి నేర్చుకుంది. 2007లో బెర్లిన్ ఫెస్టివల్లో తొలి సినిమాకిచ్చే అవార్డు దీనికే వచ్చింది, పేరున్న అమెరికన్ సినిమా విమర్శకుడు రోజర్ ఎబర్ట్ నాలుగుకి నాలుగు నక్షత్రాలూ ఇచ్చాడు. ఆయన పేరు విన్న మనవాళ్లలో చాలామందికి వనజ పేరు తెలియదు, నాకు ఆశ్చర్యం అక్కడే.

కథేమిటంటే, జాలరి కూతురు వనజ ఊళ్లో జమీందారిణి ఇంట్లో పనికి కుదురుతుంది. ఆవిడ దగ్గర నాట్యం నేర్చుకోవాలన్నది పిల్ల కోరిక. ఇద్దరూ అష్టాచెమ్మా ఆడే ఘట్టం ఒకటుంది. అమ్మగారికి ఓడిపోవడం అస్సలు గిట్టదు. అది కనిపెట్టిన వనజ గెలిచే ఆటను కావాలని వదిలేస్తుంది. పెద్ద డైలాగేమీ లేదు, నేపథ్య సంగీతం ఊదరగొట్టడం లేదు, గవ్వలూ గళ్లూ రెండు ముఖాలూ అంతే. ఆ ఇంట్లో ఎవరు ఎవరికి ఎంత లొంగి బతకాలో ఆ ఒక్క ఆటలో తెలిసిపోతుంది. ఆ తర్వాత జమీందారిణి కొడుకు అమెరికా నుంచి దిగుతాడు, ఎలక్షన్లో నిలబడటానికి. మన సినిమాల్లో అమెరికా అబ్బాయి అంటే రెండో హీరోనో, పెళ్లిపీటల మీద నుంచి లేచిపోయే పెద్దమనిషో కదా, ఇందులో అతను చేసేది చూసి మింగుడు పడదు.

'మల్లేశం' (2019) తీసిన రాజ్ రాచకొండ కూడా అమెరికాలో ఉన్నవారే. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు నూలును ఆసు పోయాలి, అంటే కొయ్యల చుట్టూ చేత్తో వేల సార్లు తిప్పాలి. తల్లి భుజం పడిపోతుంటే చూడలేక చింతకింది మల్లేశం దానికి యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. సినిమాలో తల్లిగా చేసిన ఝాన్సీ ఆసు పోస్తూ ఉంటే మన భుజం నొప్పెడుతుంది. ఇక 'కేరాఫ్ కంచరపాలెం' మీలో చాలామంది చూసే ఉంటారు కాబట్టి వదిలేస్తున్నాను. దానికి డబ్బు పెట్టి, అందులో సలీమా పాత్ర కూడా వేసిన పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరని మాత్రం గుర్తు చేస్తున్నాను.

ఇంకాస్త వెనక్కి వెళ్తే 'దాసి' (1988). బి. నర్సింగరావు తీశారు, 5 జాతీయ అవార్డులొచ్చాయి, కమలాక్షిగా చేసిన అర్చనకు ఉత్తమ నటి అవార్డుతో కలిపి. తెలంగాణ గడీలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, దొరసానితో పాటు కట్నంగా వచ్చిన దాసి కథ. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ మనిషి చేసే చాకిరీని కెమెరా తొందరపడకుండా చూస్తూ ఉంటుంది. మాటలు తక్కువ. నిజం చెప్పాలంటే మొదటి పావుగంట ఫోన్ మీదకు చెయ్యి పోతుంది, పోనివ్వకండి. కళాదర్శకత్వం తోట వైకుంఠం. ఇక్కడ ఎన్నో తెలుగు ఇళ్ల గోడల మీద ఎర్ర బొట్టు, ముదురు రంగు చీరలతో ఉండే ఆడవాళ్ల బొమ్మల ప్రింట్లు ఉంటాయే, ఆ వైకుంఠమే. బొమ్మ హాల్లో తగిలించుకున్నాం, సినిమా ఊసే ఎత్తం. నేను చూసిన ప్రింటు మసకగా ఉంది, మంచి ప్రింటు కావాలని అడిగేవాళ్లు లేకపోతే ఇచ్చేవాళ్లెందుకు ఉంటారు?

బరువు సినిమాలే చెబుతున్నానని భయపడకండి. 'మెయిల్' (2021) చూస్తే నవ్వీ నవ్వీ పొట్ట నొప్పెడుతుంది. కంబాలపల్లి అనే ఊళ్లోకి కంప్యూటర్ కొత్తగా వచ్చిన రోజులు. దాన్ని ఓ గదిలో పెట్టుకుని గుళ్లో పూజారిలా కాపలా కాసే హైబత్‌గా ప్రియదర్శి, ఎలాగైనా దాన్ని ముట్టుకోవాలని అతని చుట్టూ తిరిగే కుర్రాడు రవి. రవికి లాటరీ తగిలిందని ఓ మెయిల్ వస్తుంది. ఐటీలో పనిచేసే మనకు అది చదవకుండానే డిలీట్ చేసే స్పామ్, వాడికి మాత్రం జీవితంలో వచ్చిన మొదటి ఉత్తరం. దర్శకుడు ఉదయ్ గుర్రాల ఊరిని ఊరిలాగే చూపించాడు, ఎక్కడా వెక్కిరించలేదు. అదే ఏడాది వచ్చిన 'సినిమా బండి' కూడా ఈ బాపతే, ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరాతో ఊరివాళ్లు సినిమా తీయబోవడం.

సిరీస్‌లలో నా ఓటు 'కుమారి శ్రీమతి'కి (2023). తాతగారి ఇల్లు దక్కించుకోవడానికి నిత్యా మేనన్ ఊళ్లో బార్ పెడుతుంది. మధ్యలో కాస్త సాగదీశారు, అయినా ఆస్తి తగాదాల సంగతి తెలియని తెలుగు కుటుంబం ఉంటుందా!

బొమ్మల కథల దగ్గరికొస్తే మన నిర్లక్ష్యం ఇంకా ఘోరం. ఇక్కడ పుట్టిన పిల్లలకు జపాన్ మాంగా పేర్లు నోటికి వచ్చు, బుజ్జాయి ఎవరో వాళ్ల అమ్మానాన్నలకే తెలియదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారబ్బాయి, 'డుంబు' అనే బొమ్మల కథల పిల్లాడిని సృష్టించినాయన, అమర్ చిత్రకథ మొదలవక ముందే 1960ల్లో ఇలస్ట్రేటెడ్ వీక్లీ అనే ఇంగ్లీషు వారపత్రికలో పంచతంత్రాన్ని బొమ్మల కథగా గీసినాయన. అలాగే చందమామ అనగానే అందరం విక్రమార్కుడూ బేతాళుడూ అని మురిసిపోతాం. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' గుర్తున్నాయా? చిత్ర గారి బొమ్మలతో నెలనెలా ఊపిరి బిగబట్టించినవి. పత్రికలో సుబ్రహ్మణ్యం గారి పేరు కూడా వేసేవారు కాదు. 'శిథిలాలయం'లోని శిఖిముఖి, విక్రమకేసరిల సాహసాలు ఇప్పటి పిల్లలకు రాత్రిళ్లు చదివి వినిపించండి, "తర్వాతేమైంది?" అనకుండా ఎలా పడుకుంటారో చూద్దాం. పాత సంచికల స్కాన్లు నెట్‌లో వెతికితే దొరుకుతాయి.

ఇక్కడి మన తెలుగు సంఘం కార్యవర్గానికి ఒక మనవి. ఏటా పండక్కి తారలను రప్పించడానికి పెట్టే ఖర్చు జోలికి నేను పోను, అది నా వల్లయ్యే పని కాదు. కానీ లైబ్రరీలో ఒక గది, ఒక ప్రొజెక్టర్, యాభై కుర్చీలు, ఓ ఫ్లాస్కు టీ ఇవి పెద్ద లెక్క కాదు. చిన్న సినిమా తీసినవాళ్లను అనుమతి కోసం అడిగి, సినిమా అయ్యాక జూమ్‌లోకి రమ్మంటే సంతోషంగానే వస్తారు, వాళ్లకూ ప్రేక్షకులు కావాలిగా. నేనైతే 'మెయిల్'తో మొదలుపెట్టమంటాను, పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి నవ్వుకోవచ్చు. తర్వాత 'మల్లేశం', ఆ తర్వాతే 'దాసి'. 'వనజ'కు మాత్రం చిన్నపిల్లలను తీసుకురావద్దు, టీనేజ్ పిల్లలున్నవాళ్లు ముందు తామొకసారి చూసి నిర్ణయించుకోండి. ఇక సబ్‌టైటిల్స్ ఆపొద్దు, తెలుగు బాగా వచ్చన్న మన పిల్లలకు కూడా ఊళ్లో యాస సగమే అందుతుంది.