వాట్లు ఒక్కటే చూసి కొనకండి

హోమ్ థియేటర్‌కి ఎక్కువ వాట్ల ఆంప్లిఫయర్ (స్పీకర్లను మోగించే శక్తినిచ్చే పరికరం) కొంటే చాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. 50 వాట్ల నుంచి 100కి వెళ్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అది కొద్దిపాటి తేడాయే. ముందు స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఒక వాటుకి అది ఎన్ని డెసిబెల్స్ శబ్దం ఇస్తుందో చూడండి. 90 డెసిబెల్స్ ఉన్నదానికి 50 వాట్లు సరిపోయే చోట 84 ఉన్నదానికి 200 వాట్లు కావాలి.

మా 4 ఓమ్‌ల స్పీకర్లకు (ఓమ్‌లు తక్కువైతే కరెంటు ఎక్కువ లాగుతాయి) మామూలు రిసీవర్, అంటే ఆంప్లిఫయర్ కూడా లోపలే ఉండే పెట్టె, పెట్టాను. ఫైట్ సీను రాగానే ఠక్కుమని ఆగిపోయేది, మూత మీద చెయ్యి పెడితే చుర్రుమనేది. అదృష్టం కొద్దీ దాని వెనక ప్రీ-అవుట్లు (సిగ్నల్‌ని వేరే ఆంప్‌కి పంపే సాకెట్లు) ఉన్నాయి. రిసీవర్‌ని ప్రీఆంప్‌గా, అంటే సిగ్నల్‌ని, వాల్యూమ్‌ని చూసుకునేదిగా ఉంచేసి, ముందువైపు ఉన్న మూడు స్పీకర్లకు విడిగా పవర్ ఆంప్ (స్పీకర్లకు శక్తి మాత్రమే ఇచ్చేది) కలిపాను. ఇప్పుడు ఎంత శబ్దంలోనైనా డైలాగు స్పష్టంగా వినిపిస్తోంది. ప్రీ-అవుట్లు చవక మోడళ్లలో చాలావాటికి ఉండవు, కొనేముందు వెనక వైపు తిప్పి చూసుకోండి.