ముక్కు మీద అరకిలో

కడపలో మే నెల ఎండకు ఫ్యాను కింద కూర్చున్నా చెమట కారుతుంటే, మా అల్లుడు తెచ్చిన వీఆర్ హెడ్‌సెట్‌ను (కళ్లకు కట్టుకుంటే కంప్యూటర్ సృష్టించిన లోకాన్ని చుట్టూ చూపే పరికరం) పది నిమిషాలు పెట్టుకోవడం నాకు శిక్షగానే తోచింది. తెరలు, కటకాలు, బ్యాటరీ అన్నీ ముందువైపే కూర్చడం వల్ల అరకిలో బరువంతా ముక్కు మీదా చెంపల మీదా పడుతుంది. కటకాలకు ఆవిరి పడుతుంది, చెమటను పీల్చుకున్న స్పాంజి కంపు కొడుతుంది. నాలాంటి కళ్లద్దాలవారి సంగతి చెప్పనే అక్కర్లేదు: అద్దాలు తీస్తే బొమ్మ మసక, ఉంచుకుంటే కటకాలకు గీతలు.

ఇలాంటి వాటికి ఆద్యుడైన అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ 1968లో చేసిన తల పరికరం పైకప్పుకు బిగించిన కడ్డీకి వేలాడేది. ఆ పాటి ఆసరా కూడా నా మెడకు దక్కలేదు. కావడి మోసేవాడికి తెలిసిన సమతూకమే కదా, బ్యాటరీని తల వెనక్కు జరిపితే సరిపోతుంది! కొన్నింటిలో అలా జరిపారు కూడా. మా ఇంటికి వచ్చినది మాత్రం ఆ రకం కాదు.