బీజెడ్సీ మెట్ట, సాఫ్ట్‌వేర్ మాగాణి

మా బావకి అల్లూరు పక్కన ఆరెకరాల మాగాణి ఉండేది. ఇప్పుడూ ఉంది, కాకపోతే మొలగొలుకుల వరి పండిన మడిలో వనామీ రొయ్య తిరుగుతోంది. ఆ మడి గుంటగా మారేలోపల బావ ఎక్కిన ఆఫీసు మెట్లకి తిరుమల కొండ రెండుసార్లు నడిచి ఎక్కినంత పుణ్యం వచ్చుండాలి. పక్క రైతు పొలం ఉప్పు కాకూడదని ఒకరు, కాలవకి ఎడం ఉండాలని ఇంకొకరు, కాగితం మీద కాగితం. రోడ్డు పక్క చెక్కని ప్లాట్లుగా మార్చాలన్నా అప్పట్లో ఇదే తంతు. దానికైతే 2006లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. సాగు భూమిని ఇంకొక దానికి మార్చడమంటే ప్రభుత్వం దృష్టిలో అంత గంభీరమైన వ్యవహారం.

అదే బావ కొడుకుని, అంటే నా మేనల్లుణ్ణి, బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీల బీజెడ్సీ డిగ్రీ నుంచి జావా అనే కంప్యూటర్ భాషకి మార్చడానికి ఒక్క ఫోన్ కాల్ సరిపోయింది. "ఏ బ్యాక్‌గ్రౌండ్ అయినా ఫర్వాలేదు సార్, నలభై ఐదు రోజుల్లో ఫుల్‌స్టాక్ చేసేస్తాం" అంది అవతలి గొంతు. అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని పక్క రైతుని అడిగిన పాపాన పోలేదు.

గజం నేలకున్న రక్షణ గ్రాడ్యుయేట్‌కి లేకపోతే ఎట్లా? అందుకని బాగా ఆలోచించి ఈ ప్రతిపాదన చేస్తున్నాను. డిగ్రీల మార్పిడిని ఉన్నత విద్యాశాఖ చేతుల్లోంచి తీసేసి రెవెన్యూ శాఖకి అప్పగించాలి. మండలానికొక తహసీల్దారు ఎట్లాగూ ఉన్నాడు. ప్రభుత్వానికి శ్రమ లేకుండా దరఖాస్తు నమూనా కూడా నేనే తయారు చేశాను, మా వాడి వివరాలతోనే.

నేల స్వభావం: బీజెడ్సీ, మెట్ట. మార్చదలచినది: సాఫ్ట్‌వేర్, మాగాణి. విస్తీర్ణం: మూడేళ్ళు, సప్లిమెంటరీలు కలుపుకుని. నీటి ఆధారం: తల్లి గాజులు నాలుగు. సరిహద్దులు: తూర్పున ఆస్ట్రేలియా వెళ్ళిన పెదనాన్న కొడుకు, పడమర డల్లాస్‌లో ఉన్న పక్కింటి పిల్ల, ఉత్తరాన అమీర్‌పేట, దక్షిణాన చెన్నై. ఆక్రమణలు: ఒక ప్రేమ వ్యవహారం ఉండేది, ఇంట్లోవాళ్ళు తొలగించారు.

ఆ తర్వాత సర్వేయరు వచ్చి కొలవాలి. గొలుసు వేసి కొలిచేదేముంది ఇందులో అంటారేమో. ఉంది. తెర మీద ఎర్రగా ఎర్రర్ వచ్చినప్పుడు కుర్రాడు టీ తాగడానికి లేచిపోతాడా, లేక ఒక్కొక్క లైనూ చదువుతాడా అన్నది కొలవాలి. ఇంతకు మించిన కొలత నాకు తెలిసి ఈ రంగంలో లేదు.

రాజమార్గం లేక కాదు. కంప్యూటర్ పీజీ, అదే ఎమ్సీఏ ఉంది. ఒకప్పుడు మూడేళ్ళది, 2020-21 నుంచి రెండేళ్ళకి కుదించారు. ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. బీఏ వాళ్ళు, బీకాం వాళ్ళు, బీఎస్సీ వాళ్ళు ఎవరైనా రావచ్చు, బ్రిడ్జి కోర్సు పెట్టి అవతలి గట్టుకి దాటిస్తారు. అయితే మా వాడు అడిగిన రోజుల్లో, ఇంటర్‌లోనో డిగ్రీలోనో లెక్కలు చదివుండాలన్నారు. మా వాడు ఇంటర్‌లో బైపీసీ, డిగ్రీలో బీజెడ్సీ. వంతెన ఉంది, వంతెన దాకా రోడ్డు లేదు. లెక్కల బాధ లేదని బైపీసీలో చేర్చింది మేమే, డాక్టరవుతాడని. నీట్ ర్యాంకు చూసిన రోజు నుంచి మా ఇంట్లో డాక్టరు అనే మాట జ్వరమొచ్చినా వాడటం లేదు.

మద్రాసు ఐఐటీ వాళ్ళు 2020లో ఆన్‌లైన్ డిగ్రీ ఒకటి మొదలుపెట్టారు. ఇంటర్‌లో ఏ గ్రూపయినా సరే, పదో తరగతిలో లెక్కలూ ఇంగ్లీషూ ఉంటే చాలు. నాలుగు వారాలు పాఠాలు విని, అసైన్‌మెంట్లు చేసి, ఆ పైన సెంటర్‌కి వెళ్ళి క్వాలిఫయర్ పరీక్ష రాసి నెగ్గాలి. నాకు ఇది బాగానే అనిపించి మా అక్కతో చెప్పాను. "మళ్ళీ డిగ్రీ ఏందిరా? ఉన్న డిగ్రీని మార్చమంటే!" అంది.

ఇంగ్లండులో దీన్ని నిజంగానే కన్వర్షన్ కోర్సు అంటారు. ఏడాది ఎమ్మెస్సీ. చరిత్ర చదివినవాడూ సంగీతం చదివినవాడూ చేరొచ్చు. నెల్లూరులో ఒక కన్సల్టెన్సీలో ఈ మాట చెవిన పడగానే బావ ముఖం వెలిగింది, తనకి తెలిసిన మాట ఎట్టకేలకు ఒకటి దొరికిందని.

"కన్వర్షనా? ఎకరాకి ఎంత తీసుకుంటారు?"

ఎకరాకి కాదు బావా, ఎకరమే తీసుకుంటారు అని నేను మెల్లగా చెప్పాను.

నిజం చెప్పాలంటే ఈ మార్పిడి పద్ధతి ఆ దేశంలో కంప్యూటర్ సైన్సంత పాతది. 1953లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ కంప్యూటర్లలో ఏడాది డిప్లొమా పెట్టింది. అప్పటికి కంప్యూటర్ డిగ్రీ ఉన్న మనిషి భూమ్మీద ఒక్కడూ లేడు కనుక, చేరిన వాళ్ళంతా వేరే సబ్జెక్టుల వాళ్ళే. అంటే ఈ ఇంటికి మొదట వచ్చిన వాళ్ళందరూ ఇల్లరికపు అల్లుళ్ళే. ఇప్పుడు వాళ్ళ మనవళ్ళు గుమ్మంలో నిలబడి "మీది ఏ బ్రాంచి?" అని ఆరా తీస్తున్నారు. మనకి ఆనుకునే ఉన్న పాత చిత్తూరు జిల్లాలో, కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు గిండీలో చదివింది సివిల్ ఇంజినీరింగ్. కృత్రిమ మేధలో చేసిన పనికి 1994లో, కంప్యూటర్ రంగానికి నోబెల్ లాంటి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆయనే ఇప్పుడు కుర్రవాడై మా దగ్గర క్యాంపస్ సెలక్షన్‌కి వస్తే, "సివిల్ వాళ్ళు బయట కూర్చోండి, ఖాళీలు మిగిలితే సాయంత్రం పిలుస్తాం" అంటారు.

ఇంకొక ముచ్చట. ప్రోగ్రామింగ్‌కి ఆద్యుల్లో ఒకడైన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్చాయన చదివింది భౌతికశాస్త్రం. 1957లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పెళ్ళి చేసుకుంటూ వృత్తి దగ్గర ప్రోగ్రామర్ అని రాస్తే, అలాంటి వృత్తి లేదు పొమ్మన్నారు మున్సిపాలిటీ వాళ్ళు. చివరికి భౌతికశాస్త్రవేత్త అని రాసుకుని తాళి కట్టాడు, లేదా వాళ్ళు కట్టేదేదో కట్టాడు. మా కందుకూరులో ఇప్పుడు భౌతికశాస్త్రవేత్త అని రాసి చూడండి. పెళ్ళిళ్ళ పేరయ్య ఫొటో వెనక్కి ఇచ్చేసి, "సాఫ్ట్‌వేర్‌లోకి మారాక కబురు చేయండి" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోతాడు. ఈ దేశంలో కన్వర్షన్ కోర్సులని నడిపించేది ఐటీ కంపెనీలని కొందరు పొరబడుతుంటారు. నడిపించేది పేరయ్య.

కందుకూరు అంటే గుర్తొచ్చింది. మేనల్లుడు మా ఇంట్లో ఉండే డిగ్రీ చదివాడు. చేరినప్పుడు కందుకూరు ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా అయింది. ఊరు ఊరే, బస్టాండు బస్టాండే, గుమ్మం ముందు గొయ్యి గొయ్యే. మా వాడి కళ్ళముందు జరిగిన మొట్టమొదటి విజయవంతమైన బ్రాంచి మార్పు అది.

ఇక పుట్టుకతోనే సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్, అయిన వాళ్ళ సంగతి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. 2024లో సీట్ల మీద ఉన్న పరిమితిని సాంకేతిక విద్యని చూసే ఏఐసీటీఈ ఎత్తేశాక కాలేజీలకి రెక్కలొచ్చాయి. సీఎస్ఈ, సీఎస్ఈ ఏఐ, సీఎస్ఈ ఏఐఎమ్ఎల్, సీఎస్ఈ డేటా సైన్స్. కారం దోసె, కారం దోసె మీద పప్పుల పొడి, కారం దోసె మీద గుడ్డు. పెనం ఒకటే, మాస్టరూ ఒకడే. నాకు తెలిసిన ఒక కాలేజీలో, పేరెందుకులెండి, నిన్నటిదాకా థర్మల్ ఇంజినీరింగ్ చెప్పిన సారుకి మెషీన్ లెర్నింగ్ అప్పగించారు. ఆయన బిక్కమొహం వేస్తే హెచ్ఓడీ సర్దిచెప్పాడట, "మెషీన్ ఉంది కదా సార్ అందులో, మీ సబ్జెక్టే" అని. పిల్లల కంటే ముందు కన్వర్షన్ అయింది ఆ సారు. ఫీజు మాత్రం పిల్లలు కట్టారు.

అమీర్‌పేటలో మా వాడి హాస్టల్ గదిలో నాలుగు మంచాలు. ఒక బీజెడ్సీ, ఒక బీకాం, ఒక మెకానికల్, ఒక సీఎస్ఈ ఫస్ట్ క్లాసు. నలుగురూ పొద్దున ఏడింటి బ్యాచికి ఒకే సారు దగ్గర ఒకే జావా. నలుగురూ మైత్రీవనం దగ్గర జిరాక్స్ షాపులో ఒకే స్పైరల్ బైండింగ్ నోట్సు కొన్నారు. ఎప్పుడో ఎవరో రాసుకున్న చేతిరాత అది, మధ్యలో ఒక పేజీ మీద సాంబారు మరక కూడా జిరాక్స్ అయి వస్తుంది. నలుగురిలో రాత్రిళ్ళు నిద్రపట్టనిది సీఎస్ఈ వాడికే. మిగతా ముగ్గురికీ రాకపోతే చెప్పుకోవడానికి కారణముంది.

కోర్సు అయ్యాక రెజ్యూమె సారు దగ్గరికి పంపుతారు. అసలు మార్పిడి జరిగేది అక్కడ. ఆయన మా వాడి కాగితం తీసుకుని బోటనీ కొట్టేశాడు, జువాలజీ కొట్టేశాడు, కెమిస్ట్రీ దగ్గర ఒక్క క్షణం ఆగి దాన్నీ కొట్టేశాడు. ఆ ఖాళీలో బ్యాంకింగ్ డొమైన్, రెండేళ్ళ అనుభవం, మూడు ప్రాజెక్టులు నాటాడు. మా జిల్లాల వాళ్ళకి ఇంకొకరి పని అందుకోవడం కొత్తేమీ కాదు. నన్నయ వదిలేసిన భారతంలో విరాటపర్వం నుంచి పట్టుకున్న తిక్కన నెల్లూరులో మనుమసిద్ధికి మంత్రి. మధ్యలో మిగిలిపోయిన అరణ్యపర్వ శేషాన్ని అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎర్రన పూర్తిచేశాడు, నన్నయే రాసినట్టుగా రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చి. చేసిన పనికి తన పేరు పెట్టుకోలేదాయన. చెయ్యని పనికి పేరు పెట్టుకోవడం రెజ్యూమె సారు నేర్పుతున్నాడు. ఏడు వందల ఏళ్ళలో ఆమాత్రం అభివృద్ధి ఉండాలి మరి.

నా దరఖాస్తులో ఇందుకే ఒక కాలమ్ అదనంగా పెట్టాను: నేలలో ఇదివరకు పండిన పంట. బీకాం పిల్లకి డెబిట్ పడ్డచోట క్రెడిట్ పడకపోతే పుస్తకం మూసి నిద్రపోకూడదని తెలుసు. బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసేవాడు అదే సంగతిని ట్రాన్సాక్షన్ అని కొత్తగా నేర్చుకుంటాడు. వ్యాపార లెక్కల కోసమని 1959లో కోబాల్ అనే కంప్యూటర్ భాషని పుట్టించిందీ ఆ పిల్ల లాంటి వాళ్ళ అవసరానికే. తెలుగు ఎమ్మే చదివినవాడు ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలనీ గురువు లఘువులుగా విడగొట్టి, పదో అక్షరం దగ్గర యతి కుదిరిందో లేదో వేళ్ళ మీద చూసి, ఏ గణం తప్పిందో చెప్పేస్తాడు. ఆ పని కంప్యూటర్ చేస్తే దాన్ని వాలిడేషన్ అంటారు, జీతమిస్తారు. తెలుగు ఎమ్మే చేస్తే, "ఇంకా ఈ రోజుల్లో కూడా ఎందుకండీ" అంటారు. ఈ కాలమ్‌ని ఏ ఇన్‌స్టిట్యూటూ ఒప్పుకోదని నాకు తెలుసు. పాత పంట లెక్కలోకి తీసుకుంటే ఒక్కొక్కరికి ఒక్కో పాఠం చెప్పాలి. రెండొందల మంది బ్యాచికి అది గిట్టదు.

మా వాడి ఇంటర్వ్యూ జరిగింది. బ్యాంకింగ్ ప్రాజెక్టులో మీరు చేసిందేమిటని అడిగితే మూడు నిమిషాలు చెప్పాడట, నాలుగో నిమిషంలో వాళ్ళు నీళ్ళ గ్లాసు ఇటు జరిపారట. రాత్రి బస్సుకి వచ్చేశాడు.

సంక్రాంతికి గుంట దగ్గరికి వెళ్తే గట్టు మీద షెడ్డులో కూర్చుని ఉన్నాడు. పక్కన అట్ట ఊడిన లాంగ్ నోట్‌బుక్, డిగ్రీలో ఉన్నప్పటి నుంచి సెలవులకి వచ్చినప్పుడల్లా రాసుకున్న గుంట లెక్కలు. ఏ రోజు ఎంత మేత, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్ళలో ఆక్సిజన్ ఎంత. రాత్రంతా నాచు కూడా ఆక్సిజనే పీలుస్తుంది మామా, అందుకే తెల్లారగట్ల బాగా పడిపోతుంది, లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల కిందికి దిగితే రొయ్యకి ప్రమాదం అన్నాడు. ఆ నోట్‌బుక్ అంతా లాప్‌టాప్‌లోకి ఎక్కించి, మబ్బు పట్టిన రోజుకి ఎన్ని గంటల ముందు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ వేయాలో చెప్పే ప్రోగ్రాం ఒకటి రాశాడు. అమీర్‌పేట జావాలో కాదు, పైథాన్‌లో, సొంతంగా. మొదటి వారం అది తప్పు చెప్పింది. తెర మీద ఎర్రగా ఏదో వచ్చింది. వాడు టీకి లేవలేదు.

"ఇది రెజ్యూమెలో రాయలేదేంరా?" అన్నాను.

"రొయ్యల సంగతి రాస్తే నాన్-ఐటీ అని తెలిసిపోద్దంట మామా. సారు కొట్టేశాడు."

బావ అప్పటిదాకా వలలో పడ్డ రొయ్యలు ఎంచి కౌంట్ చూసుకుంటున్నాడు. చేతులు లుంగీకి తుడుచుకుని నా దగ్గరికొచ్చి, కొడుక్కి వినపడకుండా అడిగాడు.

"ఏంది బామ్మర్దీ, హైదరాబాదులో ఉద్యోగాలు పోయిన సాఫ్ట్‌వేరోళ్ళని ఇటు మార్చే కోర్సు ఏమన్నా ఉంటే చూడు. ఈ కంప్యూటరు ఎప్పుడెయ్యాలో చెప్తంది గానీ, రాత్రి మూడింటికి లేచి ఏరియేటర్ వేసేవాడు దొరకడంలా. బ్యాక్‌గ్రౌండ్ ఏదైనా ఫర్వాలేదు."